నైట్రో ఆర్‌సీ ట్రక్ ఇంజిన్ ట్యూనింగ్: ఏ స్క్రూ ముందు, ఏది తర్వాత

"నీడిల్ ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పండి చాలు" అని అడిగేవాళ్లే ఎక్కువ. నైట్రో ఆర్‌సీ ట్రక్ అంటే రిమోట్‌తో నడిపే, నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో పరిగెత్తే చిన్న ట్రక్. నీడిల్ అంటే దాని ఇంజిన్‌లోకి ఎంత ఇంధనం వెళ్లాలో నిర్ణయించే స్క్రూ. ఎన్ని చుట్లనే ఆ అంకె ఎవరూ చెప్పలేరు. ఒకే మోడల్ ఇంజిన్లు రెండు పక్కపక్కన పెట్టినా ఇంధనంలో నైట్రో శాతం, ఆ పూట ఎండ, ప్లగ్ రకం, ఫిల్టర్‌లో చేరిన దుమ్ము, వీటన్నిటిని బట్టి అది మారిపోతుంది. చెప్పగలిగింది వరస మాత్రమే. వరస పట్టుకుంటే అంకె మీకే దొరుకుతుంది.

ఎంత తిప్పినా ట్యూనింగ్ నిలబడటం లేదంటే చాలాసార్లు లోపం కార్బురేటర్‌లో (గాలినీ ఇంధనాన్నీ కలిపి ఇంజిన్‌కు ఇచ్చే భాగం) ఉండదు. అందుకే ఇక్కడ మొదటి భాగం పొడుగ్గా ఉంటుంది. దాన్ని దాటేసి నేరుగా నీడిల్స్ దగ్గరికి వెళ్లకండి.

1. స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందు

ముందు జాగ్రత్తల సంగతి. ఈ ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్. అది విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. అంటుకుంటే పగటి వెలుగులో మంట దాదాపు కనబడదు. ఆరుబయటే పని చేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి, ఇంజిన్ నడుస్తుండగా ట్యాంక్ నింపకండి.

ఇప్పుడు వరసగా ఇవి చూడండి:

- ఇంధనం: డబ్బా మూత గట్టిగా ఉందా? మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎప్పుడో తెరిచి వదిలేసిన డబ్బాతో ఏ ట్యూనింగూ నిలవదు.
- ఫ్యూయల్ ట్యూబులు: రెండు వేళ్లతో వంచి, సాగదీసి చూడండి. పైకి బాగున్న ట్యూబ్ వంచినప్పుడు చీలిక చూపిస్తుంది.
- సైలెన్సర్ నుంచి ట్యాంక్‌కు వెళ్లే ప్రెషర్ ట్యూబ్: ట్యాంక్‌లోంచి ఇంధనాన్ని నెట్టేది ఈ ఒత్తిడే. ఇది లీకైతే వేగంలో ఇంజిన్‌కు ఇంధనం అందదు.
- ట్యాంక్ మూత రబ్బరు: ఎండిపోయి గట్టిపడితే మార్చండి.
- ఎయిర్ ఫిల్టర్: ఫోమ్ శుభ్రంగా, ఫిల్టర్ ఆయిల్ పట్టించి ఉండాలి. దుమ్ము నిండితే గాలి తగ్గి, ఇంధనం పాలు పెరిగి మిశ్రమం చిక్కబడుతుంది. మీరు నీడిల్ బిగిస్తారు. రేపు ఫిల్టర్ కడిగాక అదే సెట్టింగ్ ఇంజిన్‌ను కాల్చేస్తుంది.
- గ్లో ప్లగ్: ఇంధనాన్ని మండించే తీగ ఉన్న ప్లగ్ ఇది. తీగను వేడి చేసే ఇగ్నైటర్ తగిలించి చూడండి. తీగ మొత్తం ప్రకాశవంతంగా వెలగాలి. సగం చుట్లే వెలిగితే ప్లగ్ పారేయండి. ఇగ్నైటర్ చార్జింగ్ కూడా చూసుకోండి.
- కార్బురేటర్ ఇంజిన్‌కు అతుక్కునే చోటు, ఇంజిన్ వెనక మూత: చుట్టూ తడి మరకలు, వాటికి అంటుకున్న మట్టి ఉంటే అక్కడ గాలి చొరబడుతోందని అనుమానించాలి.
- బండి తిరగడం: ఇంజిన్ ఆపి చేత్తో తోయండి. బ్రేక్ పట్టేసినా, బేరింగ్ బిగుసుకున్నా ఇంజిన్‌లో శక్తి లేనట్టే అనిపిస్తుంది.
- థ్రాటిల్ లింకేజ్ (కార్బురేటర్‌ను తెరిచి మూసే కడ్డీ): రిమోట్ ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే కార్బురేటర్ పూర్తిగా తెరుచుకోవాలి. వదిలితే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు సందు మిగలాలి.

ట్యూబుల గురించి అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒక సాయంత్రమంతా నా ట్రక్ నీడిల్స్ తిప్పుతూ గడిపాను. రెండు రౌండ్లు బాగా తిరిగేది, మూడో రౌండ్‌లో గొంతు మారి ఆగిపోయేది. నీడిల్ వదులు చేస్తే పొగలు కక్కేది, బిగిస్తే వేడెక్కేది. చీకటి పడ్డాక టార్చి వేసి చూస్తే కార్బురేటర్ నిపుల్ మీద ట్యూబ్ ఎక్కే చోట సూదిమొనంత చిల్లు. ట్యూబ్ నిటారుగా ఉన్నప్పుడు అది మూసుకుపోతోంది, బండి అదిరినప్పుడు తెరుచుకుంటోంది. చివరి అర అంగుళం కత్తిరించి మళ్లీ తగిలిస్తే ఐదు నిమిషాల్లో దారికొచ్చింది.

2. మూడు స్క్రూలు, వాటి పనులు

రిచ్ అంటే ఇంధనం ఎక్కువ, మిశ్రమం చిక్కన. లీన్ అంటే ఇంధనం తక్కువ, మిశ్రమం పలచన. చాలా కార్బురేటర్లలో నీడిల్‌ను కుడివైపు తిప్పి బిగిస్తే లీన్, ఎడమవైపు తిప్పి వదులు చేస్తే రిచ్.

హై స్పీడ్ నీడిల్ సాధారణంగా ఫ్యూయల్ ట్యూబ్ వచ్చి తగిలే చోటే, పైకి నిలబడి ఉంటుంది. ఇంజిన్‌లోకి వెళ్లే ఇంధనం మొత్తానికీ ఇదే పెద్ద కుళాయి. లో స్పీడ్ నీడిల్ థ్రాటిల్ ఆర్మ్ వైపు ఉంటుంది. నిలకడగా ఉన్నప్పుడూ, అక్కడి నుంచి ఊపందుకునేటప్పుడూ ఇది చూసుకుంటుంది. మూడోది ఐడిల్ స్క్రూ. ఐడిల్ అంటే ట్రిగ్గర్ వదిలేశాక ఇంజిన్ ఆగకుండా నెమ్మదిగా నడవడం. దీనికి ఇంధనంతో సంబంధం లేదు, ట్రిగ్గర్ వదిలినప్పుడు కార్బురేటర్ ఎంత తెరిచి ఉండాలో అంతే చెబుతుంది.

పెద్ద కుళాయి మారితే చిన్నదాని దగ్గరికి వచ్చే ఇంధనం కూడా మారుతుంది. అందుకే ముందు హై, తర్వాత లో, చివర ఐడిల్. తిరగేసి చేస్తే చేసిందే మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చోవాలి.

కొలతకు గడియారం ముఖం ఊహించుకోండి. స్క్రూ తల మీది గాడి 12 నుంచి 1కి వస్తే ఒక "గంట", అంటే చుట్టులో పన్నెండో వంతు. గాడికి ఒక చివర మార్కర్‌తో చుక్క పెట్టుకోండి. లేకపోతే రెండు చివరలూ ఒకేలా ఉండి లెక్క తప్పుతుంది.

మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న సెట్టింగ్ రాసుకోండి. నీడిల్‌ను మెల్లగా బిగిస్తూ లోపల తగిలేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి, మళ్లీ అన్నే వెనక్కి తిప్పండి. తగిలాక బలం పెట్టకండి. నీడిల్ మొన, అది కూర్చునే సీటు రెండూ పాడవుతాయి.

3. లీన్ అంటే ఎందుకంత భయం

టూ స్ట్రోక్ నైట్రో ఇంజిన్‌కు వేరే ఆయిల్ లేదు. కందెన వచ్చేది ఇంధనంలో కలిపిన ఆయిల్ నుంచే. నీడిల్ బిగించిన ప్రతిసారీ ఇంధనంతో పాటు ఆయిల్ కూడా తగ్గిస్తున్నారు. అదే సమయంలో లోపల వేడి పెరుగుతోంది.

రిచ్‌గా ఉన్న ఇంజిన్ మొద్దుగా నడుస్తుంది, ప్లగ్ తడిసి ఆగిపోతుంది, అంతే. లీన్‌గా ఉన్నది మాత్రం చివరి నిమిషం వరకూ బ్రహ్మాండంగా పరిగెత్తి పిస్టన్‌ను, కనెక్టింగ్ రాడ్‌ను తీసుకుపోతుంది. కాబట్టి ఎప్పుడూ రిచ్ వైపు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా లీన్ వైపు రావాలి.

4. ఇంజిన్ కొత్తదైతే

కొత్త ఇంజిన్‌ను చేత్తో తిప్పితే పిస్టన్ పైకి వచ్చిన చోట బిగుసుకుంటుంది. అది లోపం కాదు. స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) పైభాగం కావాలనే ఇరుకుగా చేస్తారు. నడిచే వేడికి స్లీవ్ వ్యాకోచించి పిస్టన్‌కు సరిపోతుంది. చల్లగా, మరీ రిచ్‌గా గంటల తరబడి నడిపితే ఆ బిగువే అరిగిపోతుంది. "కొత్తది కదా, ఎంత రిచ్‌గా ఉంటే అంత మంచిది" అనే సలహా నేను నమ్మను.

- స్టార్ట్ చేసే ముందు హెడ్‌ను (ఇంజిన్ పైభాగం) హెయిర్ డ్రయ్యర్‌తో బాగా వేడి చేయండి.
- తయారీదారు పుస్తకంలో ఇచ్చిన సెట్టింగ్‌తో మొదలుపెట్టండి. దట్టంగా పొగ రావాలి.
- వేడి సుమారు 95 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలపండి. అందకపోతే హెడ్‌కు కొంత భాగం రేకు చుట్టండి.
- కొన్ని నిమిషాలు నడిపి ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. చల్లారేటప్పుడు ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం) తిప్పి పిస్టన్‌ను కిందికి దించి ఉంచండి. పైన ఉంటే కుంచించుకునే స్లీవ్ దాన్ని పిండేస్తుంది.
- ట్యాంక్ మారిన కొద్దీ వేగం పెంచుతూ, నీడిల్ కాస్త కాస్త బిగిస్తూ రండి. మూడు నుంచి ఐదు ట్యాంకులు పడుతుంది.

పుల్ స్టార్ట్ తాడును చివరిదాకా లాగకండి. జానెడున్నర చాలు, చురుగ్గా.

5. స్టార్ట్ చేయడం, వేడెక్కించడం

రిమోట్ ముందు ఆన్ చేయండి, తర్వాత ట్రక్‌లో రిసీవర్. ఆపేటప్పుడు దీనికి తలకిందులు. ఈ వరస తప్పితే సిగ్నల్ లేని ట్రక్ ఫుల్ థ్రాటిల్‌లో మీ కాళ్ల మీదికే రావచ్చు.

తాడు లాగుతుంటే గట్టిగా అడ్డుపడి కదలకపోతే ఇంజిన్‌లో ఇంధనం నిండిపోయినట్టు. బలవంతం చేయకండి. ప్లగ్ విప్పి, మీద గుడ్డ కప్పి, బండి తలకిందులు చేసి నాలుగైదు సార్లు తాడు లాగండి. చిమ్మే ఇంధనం గుడ్డలోకి పోతుంది. తుడిచి ప్లగ్ బిగించండి.

వేడెక్కకుండా ట్యూనింగ్ మొదలుపెట్టకూడదు. చల్లటి ఇంజిన్ ఎప్పుడూ రిచ్‌గానే ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అది చూసి నీడిల్ బిగించారంటే వేడెక్కాక లీన్ అయిపోతుంది. మూడు నాలుగు నిమిషాలు మామూలు వేగంలో అటూ ఇటూ తిప్పండి. ట్యాంక్ సగానికి దగ్గరగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. నిండు ట్యాంక్ ఒకలా, అడుగంటిన ట్యాంక్ ఇంకోలా ఇంధనం ఇస్తాయి.

చక్రాలు గాల్లోకి లేపి ఫుల్ థ్రాటిల్ ఇవ్వడం మానండి. భారం లేని ఇంజిన్ మితిమీరిన వేగం అందుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ విరగడానికి ఒక్కసారి చాలు. ట్యూనింగ్ నేల మీదే, పరుగులోనే.

6. హై స్పీడ్ నీడిల్

యాభై మీటర్ల నేరు దారి కావాలి. ఒక చివర నుంచి ఫుల్ థ్రాటిల్‌తో వదిలి రెండే విషయాలు గమనించండి: వెనక పొగ, దారి చివరలో గొంతు.

రిచ్‌గా ఉంటే దట్టమైన పొగ, తడిగొంతుతో గరగరమనే శబ్దం. ఎంత దూరం పోయినా వేగం పూర్తిగా అందుకోదు. అలా ఉంటే ఆపి, ఒక గంట బిగించి, మళ్లీ పరిగెత్తించండి. ఒక్కో గంట బిగించాక రెండు మూడు పరుగులు ఇవ్వాలి. మార్పు ప్రభావం వెంటనే రాదు.

బిగిస్తూ పోతే ఒకచోట గరగర పోయి శబ్దం శుభ్రపడుతుంది, సన్నగా నీలం తెలుపు పొగ గీతలా వెనకే వస్తుంది. అక్కడ ఆగండి. ఇంకొక్క గంట బిగిస్తే వేగం మరికాస్త పెరుగుతుందని మనసు లాగుతుంది. పెరుగుతుంది కూడా, కాసేపు. దారి చివరికి శబ్దం కీచుమని పైకి పోయి హఠాత్తుగా నీరసపడిందంటే, పొగ మాయమైందంటే, హద్దు దాటేశారు. వెంటనే ట్రిగ్గర్ వదిలి, రెండు గంటలు వదులు చేయండి.

శుభ్రమైన శబ్దం దొరికాక నేను ఒక గంట వెనక్కి, రిచ్ వైపు పెట్టి వదిలేస్తాను. కోల్పోయే వేగం కంటికి కూడా తెలియదు.

7. లో స్పీడ్ నీడిల్, ట్యూబ్ నొక్కే పరీక్ష

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. రెండు మూడు వేగమైన పరుగులు తీసి ఇంజిన్‌ను శుభ్రం చేసుకుని, బండిని దగ్గరికి రప్పించండి. ఐడిల్‌లో ఐదు సెకన్లు ఆగనివ్వండి. ఇప్పుడు కార్బురేటర్‌లోకి వెళ్లే ఫ్యూయల్ ట్యూబ్‌ను, వీలైనంత కార్బురేటర్ దగ్గరగా, బొటనవేలు చూపుడువేళ్లతో నొక్కి పట్టుకోండి. వేడి హెడ్‌కు చెయ్యి తగలనివ్వకండి.

సరిగ్గా ఉన్న ఇంజిన్ రెండు మూడు సెకన్లు అలాగే నడుస్తుంది, చివర్లో వేగం కొంచెం లేచి ఆగిపోతుంది. కార్బురేటర్‌లో మిగిలిన ఇంధనం అయిపోతూ మిశ్రమం పలచబడుతుంది, ఆ లేవడం అందుకే.

- నొక్కగానే ఆగిపోతే: లీన్. ఒక గంట వదులు చేయండి.
- నాలుగైదు సెకన్లు దాటి నడిచి, వేగం బాగా లేచాక ఆగితే: రిచ్. ఒక గంట బిగించండి.
- ఒక్కోసారి ఒక్కోలా వస్తే: నీడిల్ వదిలేసి మొదటి భాగానికి వెళ్లి గాలి లీక్ వెతకండి.

ప్రతి మార్పు తర్వాత ఒక పరుగు తీసి మళ్లీ నొక్కి చూడండి. లో నీడిల్ బిగించే కొద్దీ ఐడిల్ వేగం పెరుగుతుంది. దాన్ని ఐడిల్ స్క్రూతో తగ్గించుకుంటూ పోవాలి, లేకపోతే పరీక్ష అబద్ధం చెబుతుంది.

తర్వాత నిలబడ్డ బండికి ఒక్కసారిగా ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. పొగ గుప్పున వదిలి, గుటకలు మింగుతూ నెమ్మదిగా లేస్తే లో నీడిల్ రిచ్. పొగ లేకుండా ఒక క్షణం ఖాళీగా తడబడినా, టప్పున ఆగినా లీన్. రెండింటినీ "పికప్ లేదు" అనే ఒక్క మాటలో కలిపేస్తారు, కానీ మందులు తలకిందులు. తేడా చెప్పేది పొగే.

8. ఐడిల్

ఆగిపోకుండా నిలకడగా నడవాలి, క్లచ్ పట్టుకుని బండి ముందుకు పాకకూడదు. ఈ రెండింటి మధ్య పెట్టండి. అరనిమిషం ఐడిల్‌లో వదిలి, ఆపై ట్రిగ్గర్ నొక్కితే కొద్దిగా పొగ ఊది పరిగెత్తాలి.

9. ముగ్గురు సాక్షులు: వేడి, నీటిచుక్క, ప్లగ్

థర్మామీటర్‌లో అంకె చూసి ట్యూనింగ్ చేయకండి. శబ్దం, పొగ చూసి చేసి, అంకెతో సరిచూసుకోండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను హెడ్ పైనుంచి ప్లగ్ కుదురుకే గురిపెట్టి, పరుగు ఆపిన వెంటనే చూడాలి. చాలా ట్రక్ ఇంజిన్లు 105 నుంచి 125 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. 130 దాటితే ఆపేసి కారణం వెతకండి. 110 ఉన్నా పొగ లేకపోతే అది మంచి ట్యూనింగ్ కాదు.

థర్మామీటర్ లేదా? హెడ్ మీద ఒక నీటిచుక్క వేయండి. వేసీ వేయగానే చుర్రుమని ఎగిరిపోతే అతివేడి. మూడు నుంచి ఐదు సెకన్లు బుడగలు కక్కుతూ ఆరిపోతే బాగున్నట్టు. కదలకుండా కూర్చుంటే ఇంకా చల్లగా, రిచ్‌గా ఉంది.

పరుగు తర్వాత ప్లగ్ విప్పి చూస్తే తీగ మెరుస్తూ, తడిగా ఉండాలి. బూడిదరంగులో మసకబారి, చుట్లు వంకర తిరిగితే లీన్‌గా నడుస్తోంది. ప్లగ్‌లు వరసగా కాలిపోతుంటే కొత్తవి కొంటూ పోవడం కాదు, నీడిల్ వదులు చేసి చూడాలి.

10. లక్షణం, మందు

- ట్రిగ్గర్ వదిలినా ఇంజిన్ వేగం దిగకుండా అరుస్తోంది: గాలి లీక్, లేదా లో నీడిల్ లీన్, లేదా ఐడిల్ సందు ఎక్కువ. కార్బురేటర్, వెనక మూత విప్పి శుభ్రం చేసి, వేడి తట్టుకునే సిలికాన్ సీలెంట్ పలచగా రాసి బిగించండి.
- ఇగ్నైటర్ తీయగానే ఆగిపోతోంది: ప్లగ్ బలహీనపడింది లేదా ఐడిల్‌లో మరీ రిచ్‌గా ఉంది. ముందు ప్లగ్ మార్చండి.
- ట్యాంక్ సగం తర్వాత లీన్ అవుతోంది: ప్రెషర్ ట్యూబ్, ట్యాంక్ మూత చూడండి.
- ఫ్యూయల్ ట్యూబ్‌లో బుడగలు: ట్యాంక్ లోపలి పైపు చీలి ఉండొచ్చు, లేదా ట్యాంక్ అదురుకు ఇంధనం నురగ కడుతోంది.
- రెండు నీడిల్స్ గజిబిజి అయిపోయాయి: మొండికేయకుండా పుస్తకంలోని సెట్టింగ్‌కు తిరిగి వెళ్లి ఆరో భాగం నుంచి మొదలుపెట్టండి.

ఒకేసారి రెండు స్క్రూలు ముట్టుకోకండి. ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

11. వాతావరణం, ఇంధనం మారితే

చలిగాలి చిక్కన, దానిలో ఆక్సిజన్ ఎక్కువ. మధ్యాహ్నం ఎండలో పెట్టిన సెట్టింగ్ మర్నాడు చలి ఉదయానికి లీన్ అవుతుంది. స్టార్ట్ చేసే ముందే హై నీడిల్ ఒకటి రెండు "గంటల" మేర వదులు చేయండి. ఎండ, గాలిలో తేమ, ఎత్తైన ప్రదేశం, ఈ మూడూ ఆక్సిజన్ తగ్గిస్తాయి కాబట్టి కాస్త బిగించాల్సి వస్తుంది.

నైట్రో శాతం 20 నుంచి 30కి పెంచితే నీడిల్ వదులు చేయాలి, ఇది చాలామంది మరచిపోయేది. నైట్రోమీథేన్ తన ఆక్సిజన్ తానే తెచ్చుకుంటుంది కాబట్టి అదే గాలికి ఇంకా ఎక్కువ ఇంధనం కావాలి. ఇంధనం రకం మారిస్తే పాత నీడిల్ లెక్కలు పక్కన పెట్టేయండి.

12. ఆట ముగిశాక

- ఫ్యూయల్ ట్యూబ్ నొక్కి గానీ, సైలెన్సర్ మూతిని మందపాటి గుడ్డతో మూసి గానీ ఇంజిన్ ఆపండి.
- ట్యాంక్ ఖాళీ చేయండి. మళ్లీ స్టార్ట్ చేసి లోపల మిగిలింది కూడా కాలిపోనివ్వండి. ఆగిపోయే ముందు ఐడిల్‌లోనే ఉంచండి, రేస్ చేయకండి.
- చల్లారాక ప్లగ్ రంధ్రంలో, కార్బురేటర్‌లో కొన్ని చుక్కల ఆఫ్టర్ రన్ ఆయిల్ వేసి, ఫ్లైవీల్ పదిసార్లు తిప్పండి. మిగిలిపోయిన మిథనాల్ తేమ పట్టి బేరింగ్‌లకు తుప్పు తెస్తుంది.
- పిస్టన్ కిందికి దించి, ప్లగ్ బిగించి పెట్టండి.
- ఆ పూట చివరి నీడిల్ స్థానాలు, ఎండా చలా, నైట్రో శాతం, హెడ్ వేడి ఒక చిన్న కాగితం మీద రాసి ట్రక్ బాడీ లోపలివైపు అంటించండి. ఇంధనం చుక్క పడితే సిరా కరిగిపోతుంది, పెన్సిల్‌తో రాయండి.